తలుపు కరిచిన రోజు

పాపకూర ఆంటీ పోయారని శనివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని వింటే మీరు నవ్వుతారేమో. వంటింట్లోకి వెళ్లి ఒక్కొక్క ప్లగ్గూ పీకేశాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. మా ఇంట్లో దేన్ని నమ్మి ముట్టుకోవచ్చో చెప్పే మనిషి ఇక లేరు.

ఆవిడ మాకు చుట్టం కాదు. మేం ఆక్లండ్ వచ్చిన కొత్తలో, మనురేవాలో ఒక ఫ్లాట్‌లో ఉన్నప్పుడు, ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటూ పరిచయమయ్యారు. కాకినాడ వైపు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరర్‌గా చేసి, రిటైరయ్యాక కూతురితో పాటు ఇక్కడే, పాపకూర అనే పేటలో ఉండిపోయారు; ఆ పేట పేరే ఆవిడకి నిలిచింది. ఎవరింటికి వెళ్లినా ముందు స్విచ్‌బోర్డు చూసి, తర్వాతే కుర్చీ చూసుకునేవారు. వైరు పట్టుకుని ప్లగ్ లాగేవాళ్లని చూస్తే, "జుట్టు పట్టుకుని మనిషిని లేపుతావా? అలాగే ఉంది నీ పని," అనేవారు. ఏదైనా విప్పి చూడాల్సి వస్తే గాజులు తీసి నా చేతికిచ్చి, ఎడమ చెయ్యి స్వెటర్ జేబులో పెట్టుకుని, కుడిచేత్తోనే పని చేసేవారు. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా దాటుతుందని ఆవిడ భయం. ఆ భయాన్ని ఎప్పుడూ దాచుకోలేదు.

మాకో పాత కారవాన్ ఉండేది. అల్యూమినియం రేకు ఒళ్లు, లోపల రెండు మంచాలు, బుల్లి వంటగట్టు. సెలవులకి కారు వెనక తగిలించుకుని పోయేవాళ్లం. ఒకసారి ఇంటి ముందు నిలిపి ఉండగానే దాని లైట్లు మిణుకుమిణుకుమన్నాయి. నేను బల్బు మార్చాలా, బ్యాటరీ మార్చాలా, అసలు కారవానే అమ్మేయాలా అని ఆలోచిస్తూ తలనొప్పి తెచ్చుకున్నాను. నా స్వభావమే అంత, తాళం వేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషిని. ఆంటీ చూసి, "అనుమానం మంచిదేనే. కాకపోతే దాన్ని వరసలో నిలబెట్టు. ఒకేసారి రెండు మార్చకు, ఏది నయం చేసిందో నీకు తెలీదు," అన్నారు. బ్యాటరీ కొసన పట్టిన తెల్లటి పొడి శుభ్రం చేసి బిగిస్తే లైట్లు నిలబడ్డాయి. పైగా ఆవిడ తన టెస్టర్‌ని కూడా నమ్మేవారు కాదు. కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది వెలిగాకే అనుమానమున్న చోట పెట్టేవారు. అక్కడ వెలగకపోతే, తిరిగి మొదటి చోటికే తెచ్చి చూసేవారు. "వెలగలేదంటే కరెంటు లేదని కాదు. టెస్టరే చచ్చి ఉండొచ్చు."

ఇక ఆ రోజు సంగతి. టౌరంగా దగ్గర, కారవాన్లు నిలుపుకునే హాలిడే పార్కుకి ఆంటీని కూడా తీసుకుని వెళ్లాం. రాత్రంతా వాన పడి గడ్డి తడిసి ఉంది. దోసెల పిండి కోసం ఊరినుంచి తెచ్చుకున్న గ్రైండర్‌ని కారవాన్‌లోకి కూడా మోసుకొచ్చాం. పక్క టెంట్ల వాళ్లు బ్రెడ్డు కాల్చుకుంటుంటే మా కారవాన్‌లోంచి రుబ్బుడు చప్పుడు. మాకిచ్చిన చోటుకి కరెంటు పెట్టె దూరం, మా వైరు అందలేదు. మా ఆయన ఇండియా నుంచి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ని మధ్యలో కలిపారు. దాని ప్లగ్ ఇక్కడి సాకెట్లో పట్టదు కనుక చివర రెండు కాళ్ల కన్వర్టర్ తగిలించారు. ఇక్కడి తెలుగు వంటింట్లో అలాంటిది ఒకటైనా లేకుండా ఉండదు.

నేను లోపల పిండి తోస్తున్నాను. మా పాపకి అప్పుడు ఆరేళ్లు. ఇక్కడి పిల్లల్లాగే చెప్పుల్లేకుండా తిరుగుతోంది. తలుపు పిడి పట్టుకుని చటుక్కున వదిలేసి, "మమ్మీ, ద డోర్ బిట్ మీ!" అని నవ్వింది.

"స్టాటిక్ లేమ్మా, స్వెటర్ వేసుకున్నావుగా," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా.

అది మళ్లీ చెయ్యి చాపింది. కరిచిన దాన్ని మరోసారి ముట్టుకుని చూడటం పిల్లలకి ఆటే కదా.

బయట కుర్చీలో ఉల్లిపాయలు తరుగుతున్న ఆంటీ పళ్లెం విసిరేశారు. "పాపా! చెయ్యి దించు! వెనక్కి రా!"

ఆ కేకకి పాప బెదిరి ఏడుస్తూ, గుమ్మంలో ఉన్న నా వైపు రెండు చేతులూ ఎత్తింది. నేను ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని వంగాను.

"నువ్వు దాన్ని ముట్టుకోకు! దిగకు! కదిలావంటే నేనే చంపేస్తాను!"

బండి ఒంటినిండా కరెంటు ఉంది. నేను లోపలే ఉన్నాను కనుక నాకేమీ తెలియలేదు. పాప పాదాలు తడి నేల మీద ఉన్నాయి. నేను దాని చెయ్యి పట్టుకుంటే ఆ కరెంటుకి దారి నేనే అవుతాను. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒకటే: నా బిడ్డ నా వైపు చేతులు చాపి ఏడుస్తోంది, నేను తీసుకోకూడదు. చేతులు వెనక్కి లాక్కున్నాను. అది ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆంటీ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పెట్టె దగ్గరికి పరిగెత్తి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఇంకెవరూ మళ్లీ పెట్టకుండా దాన్ని పిడికిట్లోనే పట్టుకుని వచ్చారు. "ఇప్పుడు దిగు," అన్నారు.

"పెట్టెలో సేఫ్టీ స్విచ్ ఉంటుంది కదండీ," అన్నారు మా ఆయన, మొహం పాలిపోయి.

"ఉంటుంది బాబూ. అదెప్పుడు పడుతుందో తెలుసా? కరెంటు నీ పిల్ల ఒంట్లోంచి పోయాక."

అప్పుడు ఆవిడ గడ్డిమీద కూలబడ్డారు. నేను నీళ్ల గ్లాసు అందించాను.

"భయమేసిందా ఆంటీ?"

"వెయ్యకపోతే నేనీ పనికి పనికిరాను."

కాసేపటికి తేరుకుని వరసగా వెతికారు. కన్వర్టర్‌కి రెండే కాళ్లు. దారితప్పిన కరెంటుని నేలలోకి పంపాల్సిన మూడో కాలు లేదు. గ్రైండర్ మోటారు చెమ్మ పట్టి కరెంటు కార్చింది, పోయే దారిలేక అది రేకంతా పరుచుకుంది. ఆంటీ ఆ కన్వర్టర్‌ని చాలాసేపు చూసి, "మా వంటింట్లోనూ ఒకటుందే. ఇన్నేళ్లు పాఠం చెప్పి, నేనూ వాడుతున్నా," అన్నారు. రిపేరు మాత్రం తాను ముట్టుకోలేదు. "కనిపెట్టడం నా వంతు, కట్టడం లైసెన్సున్న వాడి వంతు," అని పార్కు ఆఫీసుకి వెళ్లి ఎలక్ట్రీషియన్ని పిలిపించారు.

అతను మర్నాడు వచ్చి, సరైన పొడుగు వైరు వేసి, మీటరుతో అంతా చూసి, "గుడ్ యాజ్ గోల్డ్", ఇక భయం లేదు, అని వెళ్లిపోయాడు. గ్రైండర్ కారు డిక్కీలోకి చేరింది. కరెంటు వచ్చింది. లోపల లైటు వెలిగింది. కానీ పాప ఆ తలుపు దగ్గరికి రానంది. నిజం చెప్పాలంటే నేనూ వెళ్లలేకపోయాను. మీటరు తప్పు చెప్పి ఉంటే? అతను ఏదైనా చూడటం మరిచి ఉంటే? పాపని గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడ్డాను.

ఆంటీ మా ఇద్దరినీ చూశారు. బూట్లు విప్పారు, మేజోళ్లు విప్పారు. మడమలు పగిలిన ఆ పాదాలతో తడి గడ్డిలో నడిచి తలుపు ముందు నిలబడ్డారు. కరెంటుంటే వేళ్లు పిడికి బిగుసుకుపోకుండా, ముందు చేతి వెనకవైపు ఆనించారు. కళ్లు మూసుకున్నారు. పెదవులు కదిలాయి, ఏం అనుకున్నారో వినపడలేదు. తర్వాత అరచెయ్యి తిప్పి పిడిని నిండుగా పట్టుకుని, పాప నా చేతుల్లోంచి జారి తనవైపు నడిచేదాకా, అలాగే, వదలకుండా నిలబడ్డారు.