శ్రావణి పేరు మీద పరీక్ష

రాజకుమారి గురించి సెప్పమంటే నాకు ముందు ఒళ్ళు మండుతాది. దాని మీద కాదు, మా హైస్కూలు హెడ్మాస్టరు జగదీశ్వరరావు మీద. ఆ మనిషి ఇంకా అదే కుర్సీలో ఉన్నాడు. ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకుంతాను.

నాను పెద్దతల్లిని. రాజకుమారీ నానూ ఆ బడిలో మజ్జాన్నం బోజనం వండేవోళ్ళం, ఇప్పుడు నానొక్కదాన్నే. అది బారువ నుంచి మా ఉద్దానం కోడలుగా వొచ్చినాది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. గుడ్డు లేని రోజు పిల్లలు అలిగితే పప్పు ఇంకో గరిటె ఏసి బతిమాలీది.

తను బారువలో సదివినాది ఐదో తరగతి దాకానే. ఇన్‌స్పెక్టరు వొచ్చినప్పుడల్లా సదవలేని పిల్లల్ని అక్కడి మాస్టారు సముద్రం ఒడ్డుకి తోలీసేవోడట, ఎండుసేపలు కాకులెత్తుకుపోకుండా కాయమని. అలా తోలగా తోలగా బడి తనది కాదని దానికి తెలిసిపోనాదట. అందుకే ఒక్కగానొక్క కూతురు శ్రావణిని జీడిపిక్కలేరే రోజుల్లో కూడా బడి మానిపించీది కాదు.

ఈ ఏడు మా బడికి కొత్త పరీక్షొచ్చినాది. సానా దేశాల్లో పదిహేనేళ్ళ పిల్లలకి ఒకే పరీక్ష పెట్టి, ఏ దేశం పిల్లలకి సదువెంత అబ్బినాదో పక్కపక్కన పెట్టి సూత్తారట. ఎవులు రాయాలో మాస్టార్లు ఏరకూడదు. లాటరీ తీసినట్టు పైవోళ్ళే పేర్లు తీత్తారు. అందులో శ్రావణి పేరొచ్చినాది. ఆ గుంట అచ్చరాల కింద ఏలు పెట్టుకుని మెల్లిగా సదువుతాది. అయినా పేరొచ్చినాదని ఈదంతా సెప్పుకున్నాది. ఇక సూడాలి తల్లి సంబరం. గిన్నెలు తోముకుంటా కూతుర్ని పక్కన కూకోబెట్టి పాటాలు పైకి సదివించీది. తనకి అర్థమైనట్టు తలూపీది కూడా.

జగదీశ్వరరావుకి పలాసలో జీడిపప్పు యాపారం. ఒళ్ళు బడిలో, బుర్ర కొట్లో. పై ఊరి బేరగాడొచ్చి సరుకు సూపించమంటే పలాసలో ఏటి సేత్తారు? గుండుపప్పు ఏరి పళ్ళెంలో పోత్తారు, పుచ్చూ ముక్కా ఎనక్కి తోసేత్తారు. ఆయనకి పిల్లలూ అలాగే అగుపడినారు. పేరొచ్చినోళ్ళలో సదువు తక్కువ గుంట శ్రావణే. దాన్ని తీసీసి, దాని పేరు మీద టెక్కలిలో సదూతన్న తన తమ్ముడి కూతురు వాణిని తెచ్చి కూకోబెట్టాలని సూసినాడు. థూ, అదీ ఒక సదువే?

పరీక్ష రోజు కూతుర్ని ఇంటికాడ ఉంచీమని, లేపోతే వంటకి వేరే మనిషిని సూసుకుంతానని రాజకుమారికి సెప్పీసినాడు. దాని పెనిమిటి త్రినాథరావు కొబ్బరి సెట్టు మీంచి పడి మంచమెక్కినాడు. ఇంట్లో పొయ్యి ఎలిగేది ఈ వంట మీదే. అంత నోరున్న మనిషీ ఆ పొద్దు కూతుర్ని ఇంటికాడే ఉంచీసి పనికొచ్చినాది.

ఆ రోజు పొయ్యి మీద అన్నం ఉడుకుతంది. విశాఖపట్నం నుంచి పరీక్ష పెట్టడానికొచ్చిన మేడమ్ పేర్లు పిలుత్తంటే వంటపాకలోకి ఇనబడతంది. శ్రావణి అని పిలిసినాది. ప్రెజెంట్ మేడమ్ అన్నాది వాణి. రాజకుమారి గరిటె కింద పెట్టీసినాది. పోవద్దే, కూడు పోతాదే అని సెయ్యట్టుకున్నాను. ఇదిలించుకుని ఎల్లి క్లాసు గుమ్మంలో నిలబడినాది.

"అమ్మా, శ్రావణి నా కూతురు. ఈ గుంట కాదు."

వంటమనిషికి మతిపోయిందని జగదీశ్వరరావు అరిసినాడు. మేడమ్ ఆయన మాట ఇనకుండా వాణిని దగ్గిరికి పిలిసి అసలు పేరడిగితే, పాపం ఆ పిల్ల బావురుమన్నాది. అప్పుడు మేడమ్ రాజకుమారి వైపు తిరిగినాది.

"మాకు బాగా చదివే పిల్లలే కావాలని లేదమ్మా. పేరొచ్చిన పిల్లలు కావాలి, వాళ్ళకు ఎంత వస్తే అంతే. మీ అమ్మాయిని తీసుకురండి. నేను ఆగుతాను."

ఆ మాటకి నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసినాయి. రాజకుమారి జీడితోటకి అడ్డంబడి ఇంటికి పరిగెట్టినాది, ఎనకాల నాను. శ్రావణి అరుగు మీద కూకుని ఉన్నాది. లెగు, నీకోసం పరీక్ష ఆపినారే అన్నాది తల్లి. గుంట లెగలేదు.

"నాను రానమ్మా. నాను రాత్తే మన దేశానికే మచ్చట. పెద్దమాస్టారు క్లాసులో అందరి ముందూ సెప్పినారు. వాణినే రాయనీ, నా పేరుకి మంచి మార్కులొత్తాయి."

బతిమాలినాది. తిట్టినాది. రెక్కట్టుకుని లాగినాది. గుంట అరుగు మీది రాట వొదల్లేదు.

రాజకుమారి కూతురు లేకుండానే బడికి తిరిగొచ్చి, పిల్ల రాదంతందమ్మా అన్నాది. మేడమ్ శ్రావణి పేరుకెదురుగా రాలేదని రాసుకుని కాగితాలు పంచడం మొదలెట్టినాది. పక్కనే నిలబడిన జగదీశ్వరరావు అప్పుడు నవ్వినాడు.

"చూశారా మేడమ్, వీళ్ళు పిలిచినా రారు."