యాదయ్య ప్లేట్లు

ఇన్నేళ్లుగా ఇది నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజులు. మాది కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. యాదయ్యది నల్గొండ పల్లె, మీర్‌పేట్‌లో కిరాయికుండేవాడు. ఎల్‌బీనగర్‌లో ఒకే ల్యాబులో పీహెచ్‌డీ చేసేవాళ్లం. మట్టిలోని బ్యాక్టీరియా తిండిని అరిగించే ఎంజైమ్‌ను ఊరికే తయారుచేయదు. తిండి తగ్గిందని ఒక సంకేత ప్రోటీన్ లోపలికి కబురందిస్తేనే మొదలుపెడుతుంది. బాటసింగారం పొలం మట్టిలో యాదయ్యకు ఒక వింతది దొరికింది. తిండి ఎంతున్నా ఎంజైమ్ చేస్తూనే ఉండేది. పాలపొడి కలిపిన జెల్లీ పోసిన ల్యాబు ప్లేటు మీద పెంచితే, పాలను అరిగించుకుని చుట్టూ తేటగా పెద్ద వలయం గీసేది. దాని సంకేత ప్రోటీన్‌లో ఏం మారిందో తేల్చడమే అతని థీసిస్.

బంద్ ముందురోజు నన్ను అడిగాడు.

"అక్కా, నేను దీక్ష శిబిరంల కూసుంట. నా ప్లేట్లు జర చూస్కో. కొత్త ప్లేట్ల మీదికి మార్చకుంటే సచ్చిపోతయ్."

డీప్ ఫ్రీజర్ పాడైంది, దాచుకున్నది ఇంకెక్కడా లేదు. సరేనన్నాను.

మర్నాడు బంద్‌లో ఎవరో మా నాన్న మందుల షాపు అద్దాలు పగలగొట్టారు. యాదయ్య అక్కడ లేడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నడుచుకుంటూ ల్యాబుకెళ్లి, అతని ప్లేట్లన్నీ తీసి, పారేసే ప్లేట్లతో కలిపి ఆటోక్లేవ్‌లో పెట్టాను. ఆ ఆవిరిలో ఏదీ బతకదు. అద్దాల కోపమేనా అది? నా ప్లేట్ల మీద అలాంటి వలయం ఒక్కటీ రాలేదన్న కుళ్లు కాదూ? అద్దాలు పగలకపోయినా ఏదో ఒక సాకు వెతుక్కునేదాన్నేమో. ఛీ.

అతను దీక్ష నుంచి వచ్చాక, బంద్ వల్ల ల్యాబుకు రాలేకపోయానని, ప్లేట్లు ఎండి చచ్చిపోతే పారేశానని చెప్పాను. ఖాళీ అరకు అంటించిన తన పేరు చీటీని పీకేశాడు.

"నువ్వేం జేస్తవక్కా. బంద్ జేసింది మేమే గదా."

అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. ఆ పొలం మట్టి మళ్లీ మళ్లీ తెచ్చి వెతికాడు, దొరకలేదు. మానేసి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. నాకు మాత్రం డాక్టరేట్ వచ్చింది.

మొన్న ఒక పెళ్లిలో కనిపించాడు. తెలంగాణ కోసం పీహెచ్‌డీ పోగొట్టుకున్నానని, కావాలంటే అక్కనే అడగండని పక్కవాళ్లకు గర్వంగా చెప్పాడు. సిగ్గులేకుండా తలూపాను. నిజం చెబితే ఆ గర్వం కూడా లాక్కున్నదాన్నవుతానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను! దయ కాదది, పిరికితనం.

యాదయ్యా, నీ చదువును ఉద్యమం తీసుకోలేదు. నేను తీసుకున్నాను. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకూ నాకు మంటగానే ఉంది.