బాతుమూతి మీద ఫిర్యాదు

నేను చేసిన వెధవపనులు చానా ఉన్నాయి గానీ, పోలీసు స్టేషను దాకా వెళ్లింది ఇదొక్కటే. మీరు తీరిగ్గా నవ్వుకోండి, మా సామ్యేలు ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

యుద్ధకాలం. నరసరావుపేటలో సామ్యేలూ నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇద్దరం ఒకే బడిలో పంతుళ్లం. అతను సైన్సు, నేను తెలుగు. తుమ్మినవాడల్లా శత్రువుల గూఢచారిలా కనిపించే రోజులవి. అందులో సామ్యేలు వారం నుంచి ఏదో రాస్తున్నాడు, నేను రాగానే కాగితం దిండు కిందికి తోసేస్తున్నాడు.

"ఏందిరా అది?"

"అయినాక చెప్తాలే."

ఇక నాకు అన్నం సయిస్తుందా? అతను స్నానానికి వెళ్లగానే దిండు ఎత్తాను.

"ముప్పై అడుగుల పొడవు. నీళ్లలో మునుగుతుంది. నెత్తిన బోలు గొట్టం. బాతుమూతి. వెయ్యికి పైగా పళ్లు. గుంపులుగా తిరుగుతాయి."

జలాంతర్గామి! పళ్లంటే తూటాలే! ఆ కాగితం పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా స్టేషనుకు పరుగెత్తాను.

ఎస్సై నాకంటే అనుమానపు మనిషి. "ఈ బాతుమూతి ఎవడు? ఏ ఊరోడు?" అన్నాడు. కాగితం మూలన "శిఖ? జుట్టు? తురాయి?" అని ఉంది. "తురాయా! మా జవాన్ల తలపాగాల మీదేనా కన్ను?" అంటూ లేచాడు.

సామ్యేలును తడి తలతోనే పట్టుకొచ్చారు. అతను కాగితం వంకా, నా వంకా చూశాడు.

"ఇది రాక్షసబల్లి సార్. పిల్లల పత్రిక కోసం రాస్తన్నా. మూతి బాతుముక్కులాగా ఉంటది. నెత్తిన బోలు ఎముక ఉంటది, దానికి సరైన తెలుగు మాట దొరక్క చస్తన్నా."

"పక్కనే తెలుగు పంతులున్నాడు గదయ్యా, అడగలేకపోయావా?"

"పూర్తయినాక వీడితోనే దిద్దించి, నా పేరు పక్కన వీడి పేరు కూడా వేయిద్దామనుకున్నా సార్."

నేను ఆ కాగితం తీసి సామ్యేలు చేతిలో పెట్టబోయాను. ఎస్సై మాత్రం వదల్లేదు.

"ఇప్పుడా జంతువు ఎక్కడుంది?"

"చచ్చి కోట్ల ఏళ్లయింది సార్."

"చంపిందెవరు?"

"ఎవరికీ తెలియదు సార్."

ఎస్సై కళ్లు చిన్నవి చేసి మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఫిర్యాదు ఇచ్చింది నువ్వే గదా. అది చచ్చి అన్నేళ్లయితే, ఇన్నాళ్లూ ఏం చేస్తన్నావ్?"

అక్కడే, ఆ బల్ల ముందే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట సాక్షాత్తూ ఆ రాక్షసబల్లే మందతో సహా వచ్చి మా అరుగెక్కినా సరే, మంచినీళ్లిచ్చి సాగనంపుతాను గానీ, స్టేషను గడప తొక్కను.