గురాండి కార్డు

మొన్న ఆదివారం నది అవతలి మాంగో పేట నుంచి మా మనవరాలు స్కూటరేసుకుని వచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించి, ఇది జింకపిల్లేనా అమ్మమ్మా అని ఎప్పటిలాగే హిందీలో అడిగింది. కుందేలంత ఒళ్ళు, సన్నటి కాళ్ళు, గోధుమరంగు మీద తెల్లచుక్కలు. పిల్ల కాదే, పూర్తిగా ఎదిగిన జంతువే, గురాండి అంటారు, పుస్తకాల్లో మూషిక జింక అని రాస్తారు అని చెప్పాను గాని, మిగతాది చెప్పలేకపోయాను. ఆ మిగతాది మా అమ్మకి నేను చేసిన అన్యాయం. ఒక ఈడువాళ్ళం కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

టైపు పాసై నేను మొదట చేరింది ఈ ఊళ్ళోనే సోనారి పేటలో, అద్దె ఇంట్లో నడిచే ఒక చిన్న ఆఫీసులో. చుట్టుపక్కల అడవుల్లోని జంతువుల్ని కొలిచి, ఏది ఏ కుటుంబానిదో తేల్చి కార్డులు రాయించడం అక్కడి పెద్దాయన పని. సొరుగుల నిండా పుర్రెలూ, ఎండిన తోళ్ళూ ఉండేవి కనక, మేముండే ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్ళు నన్ను పుర్రెలాఫీసు పిల్ల అని ఆటపట్టించేవారు. బతికున్న జంతువు ఆ గుమ్మం తొక్కడం మాత్రం ఒక్కసారే చూశాను.

దల్మా కొండ కింద కట్టెలకి వెళ్ళినవాళ్ళు దాన్ని బుట్టలో పెట్టి తెచ్చారు. కొమ్ముల్లేవు, చుక్కలున్నాయి, కాబట్టి తల్లి తప్పిన చుక్కల జింకపిల్ల అని పెద్దాయన తేల్చేశారు. ఆయన చూసిన గురాండి తోళ్ళన్నీ పాతబడి చుక్కలు మాసిపోయినవే మరి. సీసాతో పాలు పట్టడానికి ఆఫీసంతా నానా తంటాలు పడ్డాం. అది మూతి తిప్పేసుకునేది. మూడో రోజుకి తల వాల్చేసింది.

ఆ మధ్యాహ్నం అమ్మ అగ్రికోలోని మా క్వార్టర్ నుంచి నాకు క్యారేజీ పట్టుకొచ్చింది. అక్షరం ముక్క రాని మనిషి, ఒడిశా సరిహద్దు కొండల్లో పెరిగింది. బుట్టలోకి తొంగిచూసి, ఎవర్నీ అడక్కుండా వేలితో దాని పెదవి ఎత్తి, "ఇది పిల్లేటి బాబూ, గురాండి పోతు. కోరలు సూడండి. పాలెందుకు దీనికి, రాలిన మేడిపళ్ళెయ్యండి" అంది. పెద్దాయన సొరుగు లాగి ఒక పుర్రె తీసి, పళ్ళు పోల్చి చూసుకుని, అమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. సాయంత్రానికి అది లేచి నిలబడింది. మర్నాడు జీపులో తీసుకెళ్ళి కొండ కింద వదిలేశాం.

తిరిగొచ్చాక ఆయన చెబుతుంటే నేను కార్డు టైపు కొట్టాను. గుర్తించినవారు అన్నచోట అలవాటు కొద్దీ తన పేరే చెప్పారు. చెడ్డవాడు కాదు, తట్టలేదంతే. మా అమ్మ పేరు కూడా వెయ్యమంటారా అని అడిగితే తప్పకుండా వెయ్యమనేవారే. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, అడిగే ధైర్యం లేక ఆయన పేరొక్కటే కొట్టేశాను.

ఆ సాయంత్రం అమ్మ కుంపటి రాజేస్తూ, "నా పేరు కూడా ఎక్కించేరేటే అందులో?" అని అడిగింది. ఎక్కించామమ్మా అన్నాను. అంతే, క్వార్టర్ల లైనంతా చెప్పుకొచ్చింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చివరికి మంచం పట్టాక కూడా, ఆఫీసు కాగితంలో తన పేరుందని చెప్పుకుని మురిసిపోయేది.

ఇప్పుడా ఆఫీసు లేదు, ఆ చోట అపార్టుమెంటు లేచింది, సొరుగులు ఎక్కడికి పోయాయో తెలీదు. ఎవరినైనా ఏదైనా అడిగే ధైర్యం నాకొచ్చింది గాని, అడగడానికి ఆయన లేరు. అమ్మకి చదవడం రాకపోవడమే మంచిదయిందని ఒక్కోసారి అనుకుంటాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడతాను.