రేకు చప్పుడు

తుప్పు పైకి కనిపించే రోగం కాదు. రంగు మీద కందిగింజంత పొక్కు లేచిందంటే లోపల అరచేయంత రేకు పోయినట్టే. అందుకే మా బళ్ల రేకు పనిలో కంటిని నమ్మం. చిన్న సుత్తితో కొట్టి వింటాం. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు తడిసిన అట్టముక్కలా పలుకుతుంది. ఈ ఒక్క విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు గర్వంగా ఉండేది.

ఎనభైల చివర్లో బెజవాడ నుంచి వచ్చి ఫిల్మ్ నగర్ వాలులో షెడ్డు వేసుకున్నాను. సినిమా వాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే దిగుతున్న రోజులవి. పైన జూబ్లీ హిల్స్‌లో బండలు పేల్చి మేడలు కడుతుంటే, ఆ దుమ్మంతా సరిగ్గా నేను వేసిన తడి రంగు మీదే వాలేది. ఆ మేడల వాళ్లని తిట్టుకోకుండా నేను పని మొదలుపెట్టిన రోజు లేదు.

ఒకరోజు పొద్దున్నే ఒక సినిమా కంపెనీ మేనేజరు పాత లారీ తెచ్చాడు. షూటింగు సామాను మోసే బండి. మర్నాడు తీసే సీనులో మాత్రం అది హీరో కొత్తగా కొనుక్కున్న లారీ అట.

"ఏమయ్యా మేస్త్రీ, రేపు ఏడింటికి షాటు. కెమెరా ఎడం పక్క పెడుతున్నాం. ఆ పక్క అద్దంలా మెరవాలి. రెండో పక్క ఎలా ఉన్నా అడిగేవాడు లేడు" అన్నాడు.

"ఆ పక్కే కదండీ డ్రైవరు ఎక్కేది, దిగేది?"

"డ్రైవరు కెమెరాలో పడడులేవయ్యా."

ఒళ్లు మండింది. మండితే మాత్రం ఏం చేశాను? ఈ బండి నచ్చితే కంపెనీ బళ్లన్నీ నీ దగ్గరికే పంపుతానన్నాడు. నోరు మూసుకుని సుత్తి అందుకున్నాను.

డ్రైవరుది రహమత్ నగర్. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. బండిని వదిలి వెళ్లడం ఇష్టంలేక రోజంతా నాతోనే ఉన్నాడు. నేను సుత్తితో కొట్టిన ప్రతిచోటా చెవి పెట్టి, "గిది మంచిది. గిది సచ్చింది. అవునా అన్నా?" అని అడిగేవాడు. మధ్యాహ్నానికల్లా తప్పు లేకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఎడం పక్క తుప్పంతా వైరు బ్రష్‌తో గీకాం. కుళ్లిన చోట కోసి కొత్త రేకు అతికాను. సొట్టలు తీసి రంగు కొట్టేసరికి పొద్దు వాలింది.

అతను రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు కుడి పక్కకు వచ్చాను. డ్రైవరు కాలు పెట్టి ఎక్కే మెట్టు మీద సుత్తి వేశాను. చప్పుడే లేదు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. దాన్ని కోసి కొత్తది కట్టాలంటే మరో రోజు కావాలి. బొక్కలో గోనెముక్క కుక్కి, లప్పం పెట్టి, ఎమరీ కాగితంతో రుద్ది రంగు వేశాను. పైన పటారం లోన లొటారం అని ఊళ్లో అందరినీ వెక్కిరించిన నోరు నాదే.

అతను తిరిగొచ్చి మెట్టు చూసి మురిసిపోయాడు. "కొట్టి చూసినవా అన్నా? సప్పుడు ఎట్లుంది?"

నిజం చెబితే బండి కదిలించడు. షాటు ఆగుతుంది. మేనేజరు మళ్లీ నా గడప తొక్కడు.

"బాగుంది తమ్ముడూ" అన్నాను. షాటు అయ్యాక బండి వెనక్కి తెప్పించి కోసేద్దాంలే అనుకున్నాను. రంగు తడి ఆరలేదు, రెండు రోజుల దాకా ఆ మెట్టు తొక్కకు అని మాత్రం చెప్పాను.

మర్నాడు నా పనితనం చూసుకుందామని నేనూ షూటింగుకి వెళ్లాను. ఎడం పక్క ఎండకి ధగధగలాడుతోంది. మేనేజరు నా భుజం తట్టాడు. షాటు అయిపోయింది. డ్రైవరు కుడి పక్క తలుపు తెరుచుకుని దిగిన చప్పుడు, ఆ వెంటనే కేక. అందరూ ఏమిటేమిటంటూ పరిగెత్తారు. నేను ఒక్కడినే ఏమిటని అడగలేదు.

మెట్టు విరిగి ఎడం కాలు రేకుల మధ్య ఇరుక్కుంది. క్లచ్ తొక్కే కాలు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆసుపత్రికి వెళ్లాలని రోజూ బయలుదేరేవాణ్ణి. రోజూ వాలు దిగి చౌరస్తా దాకా పోయి వెనక్కి వచ్చేసేవాణ్ణి. భయం. అంతకు మించి సిగ్గు.

నెల తర్వాత మేనేజరు అతన్ని ఆటోలో ఎక్కించుకుని షెడ్డుకే వచ్చాడు. తప్పు ఎవరిదో తేలాలట. "ఈ మేస్త్రీ నిర్వాకమే కదా ఇది? చెప్పు" అని గద్దించాడు.

డ్రైవరు కర్ర ఊతంగా దిగాడు.

"గట్ల అనకుండ్రి సార్. గాయన కొట్టి చూసి మంచిగుందని చెప్పిండు. తడి ఆరలేదు, తొక్కకు అని గూడ చెప్పిండు. నేనే ఇనలే. అన్న చెవు అబద్ధం చెప్పది."

మేనేజరు గొణుక్కుంటూ ఆటో దగ్గరికి నడిచాడు. నోరు విప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం లేదు. విప్పలేదు.

డ్రైవరు నవ్వుతూ నా స్టూలు మీద కూర్చుని, తెల్లటి సిమెంటు కట్టుతో ఉన్న కాలు నా ముందుకు చాపాడు.

"డాక్టర్లు ఏం చెప్తలేరు. నువ్వు జర కొట్టి చూడన్నా. లోపల బొక్క అతికిందా? మళ్ల బండి తోల్తనా?"

వేలి కణుపుతో కట్టు మీద రెండుసార్లు కొట్టాను. అతను నా మొహంలోకే చూస్తున్నాడు.

"బాగుంది తమ్ముడూ" అన్నాను.