చింపని నోటుబుక్కు

నా చిన్నప్పుడు బేతంచెర్లలో మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుంటే బడికి పోయే దారి మొత్తం కనిపించేది. ఏడేళ్లు ఆ దారిన నడిచాను గానీ, దాన్ని కూర్చుని చూడాల్సిన రోజు వస్తుందని అనుకోలేదు. ఎనిమిదో తరగతిలో చేరిన కొత్తలోనే పెద్దమనిషినయ్యాను. పేరంటం అయింది, చిమ్మిలి ముద్దలు పంచడం అయింది, పదకొండు రోజులూ అయిపోయాయి. గడప మాత్రం దాటనివ్వలేదు. ఇంక చదివింది చాలు అంది మా అవ్వ.

మా నాయన తల్లి మాట జవదాటని మనిషి. నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నుంచి ఒళ్లంతా తెల్లదుమ్ముతో వచ్చి, స్నానం చేసి, నా వైపు చూడకుండా అన్నం తినేవాడు. అమ్మ సంగతి చెప్పేదేముంది! అవ్వ దగ్గితే అమ్మ ఉలిక్కిపడేది. బడి గంట మా వంటింటి దాకా వినిపించేది. అది మోగినప్పుడల్లా గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది. ఏడిస్తే అవ్వ తిడుతుందని బియ్యం చెరుగుతున్నట్టు తల వంచుకుని ఏడ్చేదాన్ని.

ఆడపిల్ల ఊరికే కూర్చుంటే ఇంటికి అరిష్టమని, నా చేత బొంత కుట్టించమని అవ్వ పక్కింటి అక్కను పిలిచింది. ఆ అక్క చర్చి వాళ్ల కుట్టుబడిలో పని నేర్చుకుని, రవికలు కుట్టి బతికేది. తన చేతిమిషను మా ఇంట్లో పెట్టి, మూటెడు గుడ్డముక్కలు పోసి, నక్షత్రాల బొమ్మలుండే చుక్కల బొంత నేర్పుతానంది. మాకు తెలిసిన బొంత వేరు. పాత చీరలు మడతేసి దబ్బళంతో కుట్టేయడమే. ఈ అక్క పద్ధతిలో ముందు కాగితం మీద చుక్క గీయాలి. కాగితం కింద రెండు గుడ్డముక్కలు జతగా పెట్టి గీత మీద మిషను నడపాలి, ఒకదాన్ని మడత తిప్పి, పక్కన ఇంకో ముక్క పెట్టాలి. చుక్క పూర్తయ్యాక వెనక కాగితం చింపేయాలి. కుట్లు దగ్గరదగ్గరగా పడితే ఆ బెజ్జాల వెంబడి కాగితం ఊడి వచ్చేస్తుంది. గుడ్డ ఎంత జారిపోయేదైనా మొనలు సూదుల్లా వస్తాయి.

ఏ కాగితమని అడిగాను. పేపరైతే సిరా తెల్లగుడ్డకు అంటుతుందట. పతంగుల కాగితం సూది కిందే చిరిగిపోతుందట. నోటుబుక్కు కాగితమైతే మందమూ కాదు, పలచనా కాదు, పైగా గీతలు కూడా ఉంటాయి, దాన్ని మించింది లేదంది అక్క.

అవ్వకు పండగే అయింది. "ఇంగ వాటితో ఏం పనుండాది? చింపుకో" అంది.

గూట్లో నా నోటుబుక్కులు ఆరున్నాయి. లెక్కలది తప్ప అన్నీ ఖాళీవే. ఖాళీది ఒకటి తీసి మొదటి పేజీ అంచు పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. అది చింపితే నా చేతులతో నేనే బడి మానేసినట్టవుతుంది. అవ్వ కునుకు తీసేదాకా చూసి, పెరట్లో పడున్న సిమెంటు సంచి తెచ్చి, దాని కాగితం మీద చుక్క గీసుకున్నాను.

రెండు సూదులు విరిగాయి. దగ్గర కుట్టు పడక దూరం కుట్టు వేశాను. అయినా చుక్క ముద్దొచ్చేలా వచ్చింది, ఎరుపూ పసుపూ. తిప్పి కాగితం లాగాను. రాదే! ఇంకాస్త గట్టిగా లాగితే కాగితం ఉన్నచోటే ఉండి, కుట్టు పిగిలింది.

సాయంత్రం అక్క వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అక్క చుక్కను తిప్పి చూసింది. గూట్లో నోటుబుక్కులను చూసింది. నేరుగా పోయి చుక్కను నాయన ఒళ్లో పెట్టింది.

"కాగితం లాగన్నా" అంది.

నాయన లాగాడు. రాళ్లు మోసిన చేతులాయె, ఎర్రముక్క ఒకటి చిరిగి చేతికొచ్చింది. కాగితం మాత్రం కదల్లేదు.

"కాగితం గట్టిదా అని కాదన్నా సూడాల్సింది, ఆఖరికి విడుస్తాదా అని. విడవకుంటే చినిగేది గుడ్డే. పాప ఈ సిమెంటు కాగితం తెలీక పెట్టల్యా. నోటుబుక్కు చింపితే ఇంగ బడి ల్యాదని భయపడి పెట్టినాది."

నాయన ఆ ఎర్రముక్కను వేళ్ల మధ్య నలుపుతున్నాడు. అవ్వ లోపల్నుంచి ఊరేమంటుందో ఏకరువు పెడుతూనే ఉంది. "అనుకోనీలేమ్మా" అన్నాడు, అంతే. పుట్టి బుద్ధెరిగాక అవ్వకు ఆయన ఎదురు చెప్పడం అదే మొదటిసారి చూశాను. తర్వాత నాకేసి తిరిగి, "సోమారం బడికి పో" అన్నాడు. గబగబా లోపలికి పోయి కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాను. ఈసారి అవ్వకు వినబడేలాగే ఏడ్చాను.

చాలా ఏళ్ల తర్వాత, ఆ రోజు మీ ఇంట్లో పనికొచ్చే కాగితమే లేకపోయిందా అని అక్కను అడిగాను. చర్చి పాత కాగితాలు బీరువా నిండా ఉండేవట. నవ్వి, "నువ్వు చింపుతావో ల్యాదో సూద్దామని. చింపింటే నేనేం మాట్లాడుదును?" అంది.

ఆ చుక్క బొంతలో చేరలేదు. చిరుగుతో, వెనక సిమెంటు కాగితంతో అలాగే నా పెట్టెలో ఉండేది. నా కూతురు పెద్దమనిషైనప్పుడు మా అత్తగారి వైపు పెద్దలు కూర్చుని, బడి సంగతి తర్వాత చూద్దాంలే అన్నారు. నా భర్త నేల చూపులు చూస్తున్నాడు. నేను లోపలికి పోయి ఆ చుక్కను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"కాగితం లాగి చూడు" అన్నాను.