మామిడి గుత్త పత్రాలకు ఒక అర

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, నూజివీడు చుట్టుపక్కల రసాల కోతలు ముగింపుకొస్తున్న వారంలో, నాకు అసిస్టెంట్ ఎడిటర్‌గా నియామకపు మెయిల్ వచ్చింది. అర్థశాస్త్ర పరిశోధన పత్రాలను ఎవరైనా, ఎక్కడి నుంచైనా ఉచితంగా వెతుక్కుని చదువుకునేందుకు నడిచే ఒక ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉద్యోగం. ఆఫీసు బెంగళూరులో ఉన్నా, నేను మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని పనిచేయవచ్చన్నారు. మూడేళ్లకు కాస్త తక్కువగా చేశాను. ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా అరవై దాటినవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా వదిలేసిన ఉద్యోగం వదిలేసినదే కనుక, పాప పడుకున్నాక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అత్తయ్య మొదట్లో వీధిలో అందరికీ, “మా కోడలు లైబ్రరీలో చేస్తందండీ,” అని చెప్పేది. “ఏ లైబ్రరీ, బస్టాండు దగ్గరదా?” అని అడిగితే, “కాదండీ, మా మేడ మీదే,” అనేది. ఆ తర్వాత ఎవరూ ఇంకేమీ అడిగేవారు కాదు.

ఆ గ్రంథాలయం ఎలా పెరుగుతుందో ముందు చెప్పాలి. చాలామంది దాన్ని పత్రాలన్నీ తెచ్చి పోసిన పెద్ద గోడౌనులా ఊహించుకుంటారు. నిజానికి అక్కడ పత్రాలు ఉండవు. ప్రతి విశ్వవిద్యాలయం, ప్రతి పరిశోధన సంస్థ తన పత్రాలను తన సర్వర్‌లోనే ఉంచుకుని, ఒక్కో పత్రానికి చిన్న వివరాల ఫైలు రాస్తుంది. శీర్షిక, రచయిత పేరు, సారాంశం, విషయ సంకేతం, పత్రం దొరికే చిరునామా, ఎప్పటికీ మారని ఒక గుర్తింపు సంఖ్య, ఇవీ అందులో ఉండేవి. అలాంటి ఫైళ్లున్న చోటును మేము ‘అర’ అనేవాళ్లం. రోజూ రాత్రి మా ప్రోగ్రాం ఒకటి అరలన్నీ తిరిగి, కొత్తగా ఏముందో చదువుకుని వస్తుంది. ఉదయానికి ఆ పత్రాలు లోకమంతటికీ కనిపిస్తాయి.

దీన్ని మొదట కొందరు అధ్యాపకులు తమ తీరిక వేళల్లో మొదలుపెట్టారట. పైనుంచి ఎవరూ పెంచలేదు. ఒక్కో చోట ఒక్కో మనిషి పూనుకుని ఒక్కో అర తెరిచారు. ఆ మనిషిని మెయింటెయినర్ అంటాం. జీతం ఉండదు. ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం, మేము మెయిల్ రాస్తే జవాబివ్వడం, అంతే పని.

నాలాంటి అసిస్టెంట్ ఎడిటర్లు తెగిపోయిన లింకులు వెతికేవారు. మా పైన ఆర్కైవ్ ఎడిటర్లు కొత్త అరలు తెరిపించేవారు. అందరి పైన సీనియర్ ఎడిటర్ మాలతి గారు. మనిషి మెత్తన, నియమం దగ్గర మాత్రం గట్టి. చేరిన ఆరు నెలలకు నన్ను ఆర్కైవ్ ఎడిటర్‌ని చేసి, తెలుగు జిల్లాల కాలేజీల బాధ్యత ఇచ్చారు. అంతకుముందే నాకు ఇంకో పని కూడా అప్పగించారు. జవాబివ్వని మెయింటెయినర్లకు పంపే హెచ్చరిక ఉత్తరం కొత్తగా రాయమన్నారు. పాతది పోలీసు నోటీసులా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. దాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో లెక్కలేదు. ఎదుటి మనిషి నొచ్చుకోకూడదు, అలాగని మెయిల్ మూసేసి ఊరుకోనూ కూడదు.

నేను తెరిపించాలనుకున్న మొదటి అర మా ఊరి కాలేజీదే. హనుమాన్ జంక్షన్ రోడ్డులో నేను డిగ్రీ చదివిన కాలేజీ అది. అర్థశాస్త్రం చెప్పిన విజయకుమారి మేడమ్ ఏటా ఫైనలియర్ పిల్లల్ని మామిడి తోటల్లోకి పంపి, గుత్త ఒప్పందాల గురించి రైతుల్ని, వ్యాపారుల్ని అడిగించేవారు. ఆ సమాచారంతో పిల్లల పేర్లు కలిపి పత్రాలు రాసేవారు. వాటిలో ఒకటి నాకిప్పటికీ ఇష్టం. పూత మీద తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి, ఏప్రిల్ గాలివానకు కాయ రాలిపోతే, రైతు దగ్గరికొచ్చి గుత్త సొమ్ము తగ్గించమని అడుగుతాడు. కాగితం ప్రకారం రైతు తగ్గించనక్కర్లేదు. అయినా చాలామంది ఎంతో కొంత తగ్గిస్తారు. మళ్లీ ఏడాది పూతకు అదే వ్యాపారి గేటు దగ్గరికి రావాలి కదా. కోర్టు లేకుండా నష్టం ఇద్దరి మధ్యా ఎలా పంచుకుంటారన్నదే ఆ పత్రం.

అప్పటికి డిపార్ట్‌మెంట్ మూసేయాలని యాజమాన్యం నిర్ణయించింది. అర్థశాస్త్రంలో చేరేవాళ్లు లేరు. డిపార్ట్‌మెంట్ పోతే కాలేజీ వెబ్‌సైట్‌లో దాని పేజీలూ పోతాయి. ఆ పత్రాలు ఇంకెక్కడా అచ్చు కాలేదు. మేడమ్ ఉద్యోగ జీవితమంతా అందులోనే ఉంది. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు. కానీ స్కాన్ చేయించడానికి స్టాఫ్ రూం బీరువాలోంచి ఒక్కో ప్రతినీ తీసి, దుమ్ము తుడిచి, తనే మోసుకొచ్చి నా స్కూటీ మీద పెట్టేవారు.

స్కాన్లు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టించి, నేను వివరాల ఫైళ్లు రాశాను. విషయ సంకేతం ప్రోగ్రామే సూచిస్తుంది, పై ఎడిటర్ ఒప్పుకుంటే అదే ఖాయం. పత్రాలు కనిపించిన రోజే మేడమ్ ఫోన్ చేశారు.

“ఏంటమ్మా ఇది? మా గుత్తని తీసుకెళ్లి భూమి కౌలులో పడేశారు?”

“రైతు, తోట, ఏడాది ఒప్పందం అని ఉండేసరికి ప్రోగ్రాం అలా అనుకుందండి.”

“మీ ప్రోగ్రాం ఎప్పుడన్నా తోటలోకి వచ్చిందా? కౌలుకిస్తే రైతు గట్టు దిగి వెళ్లిపోతాడు. గుత్తకిస్తే అక్కడే ఉంటాడు, నీళ్లు పెడతాడు, కాయ మీద మాత్రం చెయ్యి వెయ్యడు. భూమి ఇవ్వలేదమ్మా, రాబోయే కాయ అమ్మాడు. నీకు పాఠం చెప్పింది ఎవరు?”

“మీరేనండి.”

“అయితే తప్పు నాదే. సరిచెయ్యి.”

నవ్వులాట కాదు అది. విషయ సంకేతం తప్పితే పత్రం ఉన్నా లేనట్టే. కౌలు గురించి వెతికేవాళ్లు దాన్ని తెరిచి, తమకు పనికిరాదని మూసేస్తారు. పంటను ముందే అమ్ముకోవడం, నష్టభయం పంచుకోవడం గురించి వెతికేవాళ్లకు అది కనిపించనే కనిపించదు. నేను మాలతి గారికి వివరణ రాశాను. ఆవిడ మూడు ప్రశ్నలు వేసి, జవాబులు చూసి, సంకేతం మార్చారు. కొన్ని వారాలకే నిమ్మతోటల మీద పనిచేస్తున్న ఒక విదేశీ పరిశోధకురాలు మేడమ్‌కి మెయిల్ రాసింది. వాళ్ల దగ్గరా పూత చూసి పంట కొంటారట. మేడమ్ ఆ జవాబు రాయడానికి మూడు రోజులు తీసుకున్నారు. నాకు చూపిస్తే, అది పత్రం కంటే పొడుగ్గా ఉంది.

అసలు చిక్కు మెయింటెయినర్ దగ్గర వచ్చింది. డిపార్ట్‌మెంటే ఉండని చోట ఆ పని ఎవరు చూస్తారు? నేను చూస్తానన్నాను. మాలతి గారు ఒప్పుకోలేదు. అరలను తనిఖీ చేసే ఎడిటర్ తనే ఒక అర పెట్టుకోకూడదన్నది నియమం. “నీ అర నువ్వే పాస్ చేసుకుంటావా? పైగా మీ మేడమ్‌ది. రేపు ఇంకొకరు అడిగితే నేనేం చెప్పను?” అన్నారు. ఆవిడ మాట సబబే. చివరికి మేడమ్ పేరే రాశాం. కాలేజీ మెయిల్‌తో పాటు ఆవిడ సొంత మెయిల్ రెండో చిరునామాగా ఇచ్చాం. “నాకు ఫోన్‌లో మెయిల్ చూడ్డం రాదు, వస్తే నువ్వే చెప్పు,” అన్నారు మేడమ్. వెబ్‌సైట్ గడువు ఉన్నంతవరకు పేజీలు ఉంచుతామని ప్రిన్సిపాల్ అన్నారు. అప్పటికి అది చాలనుకున్నాం. నాకప్పుడు ఐదో నెల.

పాప నెలలు నిండకుండానే పుట్టింది. విజయవాడ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. ఇంటికి తెచ్చాక కూడా నాకు ఆ గాజుపెట్టె పక్కనే కూర్చున్నట్టుండేది. పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని వంగి చూసేదాన్ని. లేస్తే ఎందుకు లేచిందా అని. మా ఆయన ప్రవీణ్ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ సూపర్‌వైజరు. “నేను రోజూ అన్ని డబ్బాలు చూస్తాను గానీ, ఒక్కదాన్ని నీ అంతలా చూడను,” అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. సెలవు పొడిగించాను, మళ్లీ పొడిగించాను. తెగిన లింకుల జాబితా తెరిచి, మొదటి వరుస కూడా చదవకుండానే మూసేసిన రోజు, రాజీనామా పంపాను. మాలతి గారు ఫోన్‌లో ఒత్తిడి చేయలేదు. “ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపించు, తొందరేం లేదు,” అన్నారు. నేను మర్నాడే పంపించేశాను. ఇంట్లో ఉంటే తెరుస్తానని భయం.

ఆ ఉద్యోగంలో దేని కోసం బెంగ పెట్టుకున్నానో చెప్పడం కష్టం. జీతం కాదు. ఉదయాన్నే, రాత్రి ఏ అరలు కొత్తగా పలికాయో చూడడం. ఎన్నడూ వెళ్లని ఊళ్ల పేర్లు. ఎవరో ఒక లింకు పనిచేయడం లేదని రాస్తే, నేను సరిచేస్తే, ఆ మనిషి ‘దొరికింది’ అని ఒక్క మాట రాయడం. ఇక్కడ రోజంతా నన్ను అడిగే ప్రశ్నలు పాలు, నిద్ర, జ్వరం. వాటికి నా దగ్గర జవాబులు ఉండేవి కావు. అక్కడి ప్రశ్నలకు ఉండేవి. మాఘంలో కిటికీ తీస్తే పూత వాసన వచ్చేది. ఆ గదిలో బల్ల మీద ఇప్పుడు పాప బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

పాపకు ఏడో నెల నడుస్తుండగా మేడమ్ ఇంటికొచ్చారు. పాపను ఎత్తుకుని, ఫోన్ నా చేతిలో పెట్టారు.

“ఇది చదువు. మా అమ్మాయి తీసి చూపించింది. ఎవరో చాలా మర్యాదగా బెదిరించారమ్మా.”

చదివాను. “మీ అర కొంతకాలంగా మాకు పలకడం లేదు. మీరు బాగున్నారని ఆశిస్తున్నాం. ఇందులోని పత్రాలను చదివేవాళ్లున్నారు కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ నెలాఖరులోగా జవాబు రాకపోతే, ఇష్టం లేకపోయినా, ఈ అరను జాబితా నుంచి తొలగించాల్సి వస్తుంది.” ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, అందులో ప్రతి కామా నాకు తెలుసు. ఇష్టం లేకపోయినా అన్న మాట ఉంచాలా తీసేయాలా అని మాలతి గారితో ఒక మధ్యాహ్నమంతా వాదించాను.

“ఇది రాసింది నేనేనండి,” అన్నాను.

మేడమ్ నా వంక చూశారు. “నాకు పంపించావా?”

“అందరికీ పంపడానికి రాశానండి. మెషీన్ పంపుతుంది.”

“బాగా రాశావు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.”

వెబ్‌సైట్ గడువు తీరి, కాలేజీవాళ్లు కొత్తది కట్టించుకున్నారు. పాత పేజీలు పోయాయి. మాలతి గారికి ఫోన్ చేసి, ఎవరైనా దీన్ని చూసుకోవడానికి కుదురుతుందా అని అడిగాను.

“నువ్వే చూసుకో,” అన్నారు.

“నియమం ఒప్పుకోదన్నారు కదండీ.”

“నియమం మారలేదమ్మా. నువ్వు మారావు. ఇప్పుడు నువ్వు మా ఉద్యోగివి కాదు.”

నిజమే. ఉద్యోగంలో ఉండగా నాకు మూసి ఉన్న తలుపు అది.

స్కాన్లు మేడమ్ తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఆవిడ పాత విద్యార్థి పనిచేసే విశ్వవిద్యాలయంవాళ్లు తమ సర్వర్‌లో కొంచెం చోటిచ్చారు. ప్రవీణ్ ల్యాప్‌టాప్ మీద వివరాల ఫైళ్లు మళ్లీ రాశాను. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పత్రం ఉండే చోటు మారవచ్చు, గుర్తింపు సంఖ్య మారకూడదు. మారితే, పాత సంఖ్యతో దాన్ని ఉదహరించినవాళ్లందరి దారీ తెగిపోతుంది. ఆ నిమ్మతోటల ఆవిడ దారి కూడా. సంఖ్యలన్నీ పాత జాబితాతో పోల్చి చూస్తుంటే మేడమ్ రోజూ వచ్చి పాపను భుజాన వేసుకుని మా వరండాలో నడిచేవారు. వచ్చిన మొదటి రోజు గంటలోపే నేను నాలుగుసార్లు లేచి చూశాను. “కూర్చో, ఊపిరి పీలుస్తానే ఉంది, నేను వింటన్నా,” అన్నారు. మూడో రోజుకు నేను లేవడం మరచిపోయాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఫైళ్లు ఎక్కించి, మెయింటెయినర్ చోట నా పేరు రాసి, ఆ ఉత్తరానికి జవాబు పంపాను. ఆలస్యానికి క్షమించమని, ఇకపై మెయిళ్లు నాకు పంపమని రాశాను. మర్నాడు ఉదయం, ఏ అర పలుకుతోందో చూపే స్థితి పేజీలో నూజివీడు పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు వచ్చింది. ఒకప్పుడు అలాంటివి రోజూ చూసి కిందికి జరిపేదాన్ని. మేడమ్‌కి ఫోన్ చేసి, “కనిపిస్తున్నాయండి,” అన్నాను. “ఏ సంకేతం కింద?” అని అడిగారు. కౌలు కింద కాదని చెప్పాక పెట్టేశారు.

ఇప్పుడు వారానికోసారి ఆ పేజీ చూస్తాను. మళ్లీ ఉద్యోగంలో చేరతానో లేదో తెలియదు. చేరితే ఈ అర ఇంకొకరికి అప్పగించాలి, ఆ ఇంకొకరిని ఇప్పటినుంచే వెతుకుతున్నాను. గ్రంథాలయం పత్రాలు చేరడం వల్ల పెరుగుతుందని, పనిలో ఉండగా మా నివేదికల్లో రాసేదాన్ని. పత్రాలు చేరడం చిన్న భాగం. ఒక అర నిలవాలంటే, ఉత్తరం వచ్చినప్పుడు జవాబిచ్చే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఉద్యోగి కానక్కర్లేదు.